ఏకచ్ఛాయలో ఇద్దరు: దేశం మారిన దంపతుల ఉమ్మడి గృహఋణంపై ధర్మవిచారణ

ఒకే ఇంటిని తాకట్టుపెట్టి భార్యాభర్తలిద్దరూ కలిసి తీసుకునే దీర్ఘకాలిక గృహఋణం పైకి ఆర్థిక వ్యవహారంగా మాత్రమే కనిపించినా, భారతీయ దర్శనాలూ ధర్మశాస్త్రాలూ తరతరాలుగా చర్చించిన మూడు ప్రశ్నలు అందులో ఇమిడి ఉన్నాయి. దేశకాలాలు మారినప్పుడు మనిషి ఆ మనిషేనని దేనివల్ల నిర్ణయించాలి, ఒకరు సంపాదించుకున్న నమ్మకం మరొకరికి ఆధారం కాగలదా, దాంపత్యంలోని ఏకత్వం ఋణభారం దగ్గర ఎంతవరకు వర్తిస్తుంది అనేవే ఆ ప్రశ్నలు. దంపతులలో ఒకరు ఒక దేశంలో చాలాకాలంగా స్థిరపడి ఉండి, రెండవవారు ఇటీవలే అక్కడికి చేరినప్పుడు ఈ మూడూ ఒకేసారి ఎదురవుతాయి. వైద్యవృత్తి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కారణంగా తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన ఇంగ్లండ్‌ను ఉదాహరణగా తీసుకుంటే, అక్కడి చట్టాన్నీ మన శాస్త్రాలనూ పక్కపక్కన పెట్టి ఈ ప్రశ్నలను పరిశీలించడానికి వీలవుతుంది.

ఇంగ్లండ్, వేల్స్ చట్టం ప్రకారం ఇద్దరు కలిసి తీసుకున్న గృహఋణంలో చెరి సగం బాధ్యత అనేది ఉండదు. ఇద్దరూ కలిసి మొత్తానికి బాధ్యులు, మళ్లీ ఎవరికి వారు విడిగానూ మొత్తానికి బాధ్యులే. ఒకరు ఉద్యోగం పోగొట్టుకున్నా, ఇల్లు విడిచి వెళ్లినా, దేశమే విడిచి వెళ్లినా, ఋణదాత మిగిలినవారి నుంచి పూర్తి బాకీని కోరవచ్చు. యాజమాన్యం సంగతి వేరు. ఒకరు మరణిస్తే ఇల్లంతా రెండవవారికే చెందే సంయుక్త యాజమాన్యం ఒక పద్ధతి, ఎవరి వాటా వారికి నిర్ణయమై వీలునామా ద్వారా ఇష్టమైనవారికి ఇచ్చుకోగలిగే వాటాల యాజమాన్యం మరొక పద్ధతి. దంపతులు ఈ రెండింటిలో తమకు నచ్చినదాన్ని ఎంచుకోవచ్చు. అంటే హక్కులో వాటాలు పెట్టుకునే స్వేచ్ఛ ఉన్న దంపతులకు ఋణదాత ఎదుట బాధ్యతలో వాటాలు పెట్టుకునే స్వేచ్ఛ లేదు. ఉమ్మడి ఋణంలోని ధర్మసంకటమంతా ఈ తేడా నుంచే పుడుతుంది.

దేవదత్తుడు దేశం మారితే

బ్రిటన్‌లో ఋణదాతలు దరఖాస్తుదారు గతాన్ని ప్రధానంగా ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు సంస్థలు భద్రపరిచే పరపతి నివేదికల ద్వారా తెలుసుకుంటారు. పరపతి నివేదిక అంటే ఒక వ్యక్తి తీసుకున్న అప్పులు, వాయిదాలు కట్టిన తీరు, నివసించిన చిరునామాలు, ఓటర్ల జాబితాలో నమోదు మొదలైన వివరాల సంపుటి. తప్పిన వాయిదాల వంటివి సాధారణంగా ఆరేళ్లపాటు అందులో నిలిచి ఉంటాయి. భారతదేశంలో 2000లో ఏర్పడిన సిబిల్ ఇదే పని చేస్తూ 300 నుంచి 900 వరకు స్కోరు ఇస్తుంది. అది నేడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్ అనే పేరుతో, బ్రిటన్‌లోనూ పనిచేస్తున్న అంతర్జాతీయ సంస్థ యాజమాన్యంలోనే ఉంది. అయినా ఒక దేశపు నివేదిక మరొక దేశపు నివేదికలోకి తనంతట తాను ప్రవహించదు. హైదరాబాదులో పదేళ్లపాటు ఒక్క వాయిదా తప్పకుండా అప్పు తీర్చిన వ్యక్తి సైతం లండన్‌లో దిగిన నాడు అక్కడి లెక్కలో దాదాపు ఖాళీ పుటగానే మిగులుతారు. ఆ ఖాళీని చూసి కొందరు ఋణదాతలు దేశంలో ఇంతకాలం నివాసం ఉండాలని, కొందరు వీసాలో ఇంత గడువు మిగిలి ఉండాలని, మరికొందరు కొనుగోలుదారు చేతి నుంచి పెట్టే మొదటి సొమ్ము పెద్దదై ఉండాలని షరతులు విధిస్తారు. విదేశం నుంచి దరఖాస్తు చేసుకున్న జీవితభాగస్వామికి బ్రిటన్ మొదట ఇచ్చే వీసా 33 నెలలకు మాత్రమే. గృహఋణం గడువు సాధారణంగా 25, 30 ఏళ్లు. స్వల్పకాలపు అనుమతి మీద దీర్ఘకాలపు మాట నిలబడాలి కనుక ఋణదాత జంకడంలో వింత లేదు.

అయితే ఈ జంకుకు ఆధారం ఏమిటో విడమరిచి చూడవలసి ఉంది. అద్వైతగ్రంథాలు మహావాక్యార్థాన్ని వివరించేటప్పుడు 'ఆ దేవదత్తుడే ఇతడు' అనే ఉదాహరణను తీసుకుంటాయి. ఒకప్పుడు మరొక చోట చూసిన దేవదత్తుణ్ణి ఇప్పుడు ఇక్కడ చూసినప్పుడు, అప్పటి దేశకాలాలకూ ఇప్పటి దేశకాలాలకూ పొత్తు కుదరదు. ఆ విరుద్ధమైన అంశాలను వదిలి, రెండింటికీ సామాన్యమైన వ్యక్తిని మాత్రం గ్రహిస్తేనే వాక్యం సార్థకమవుతుంది. ఒక భాగాన్ని విడిచి మరొక భాగాన్ని నిలుపుకునే ఈ అర్థగ్రహణ పద్ధతికి జహదజహల్లక్షణ అని పేరు. నైయాయికులు కూడా ఇలాంటి ప్రత్యభిజ్ఞను, అంటే మునుపు తెలిసినదాన్ని మళ్లీ గుర్తుపట్టే జ్ఞానాన్ని, ప్రతిక్షణమూ అన్నీ నశించి కొత్తవి పుడతాయనే బౌద్ధవాదాన్ని ఖండించడానికి వాడుకున్నారు. మనిషి విలువ దేశకాలాల ఉపాధులలో లేదని, వాటిని దాటి నిలిచే వ్యక్తిలో ఉందని ఈ రెండు సంప్రదాయాలూ వేర్వేరు దారుల్లో చెప్పాయి. పరపతి నివేదికలు నడిచే తీరు దీనికి సరిగ్గా ఎదురుదిశలో ఉంది. అక్కడ దేశమే ప్రధానమై, వ్యక్తి ఆ దేశానికి విశేషణంగా మారిపోతాడు.

దీనిపై ఋణదాత పక్షాన ఒక సమాధానం ఉంది. కొత్తగా వచ్చినవారు నమ్మదగనివారని ఎవరూ అనడం లేదు, నమ్మడానికి కావలసిన సాక్ష్యం కనిపించడం లేదని మాత్రమే అంటున్నారు, ఇతరులు దాచుకున్న సొమ్మును అప్పుగా ఇచ్చే సంస్థ సాక్ష్యం లేకుండా ముందుకు పోరాదు అనేదే ఆ సమాధానం. ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. కానీ కనబడకపోవడం ఎప్పుడు లేకపోవడాన్ని నిరూపిస్తుందో భాట్టమీమాంసకులు చాలా జాగ్రత్తగా నిర్ణయించారు. వారు, వారితోపాటు అద్వైతులు, అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. అనుపలబ్ధి అంటే ఒక వస్తువు కనబడకపోవడం వల్ల అది అక్కడ లేదని తెలుసుకోవడం. అయితే దానికి యోగ్యత అనే నియమం పెట్టారు. వెలుతురున్న గదిలో నేలమీద కుండ కనబడకపోతే కుండ లేదని చెప్పవచ్చు, ఎందుకంటే ఉంటే అది కనబడి తీరేది. చీకటిగదిలో కనబడకపోవడం దేన్నీ నిరూపించదు. విదేశంలో సక్రమంగా తీర్చిన అప్పు బ్రిటన్ నివేదికలో ఉండే అవకాశమే లేదు కనుక, అది అక్కడ కనబడకపోవడం యోగ్యానుపలబ్ధి కాదు. అందువల్ల ఖాళీ నివేదిక నుంచి 'తెలియదు' అనే నిర్ణయానికి రావచ్చు గాని, 'లేదు' అనే నిర్ణయానికి రాకూడదు. ఈ రెండింటి మధ్య ఆచరణలోనూ పెద్ద తేడా ఉంది: తెలియనప్పుడు విచారించవలసిన కర్తవ్యం మిగిలి ఉంటుంది, లేదని తేల్చినప్పుడు తిరస్కారం ఒక్కటే మిగులుతుంది.

కర్మసిద్ధాంతాన్ని సమర్థించిన దార్శనికులు రెండు దోషాలను పదేపదే పేర్కొన్నారు. చేసినదాని ఫలం చేసినవారికి దక్కకుండా పోవడం కృతహాని. చేయనిదాని ఫలం చేయనివారి మీద పడడం అకృతాభ్యాగమం. ఏ సిద్ధాంతం ఈ రెంటిలో దేనికి దారితీసినా అది నిలవదని వారి తీర్పు. ఆత్మ నిత్యత్వాన్ని గురించి పుట్టిన ఈ పరిభాషను లౌకిక వ్యవహారాలకు అన్వయించేటప్పుడు దాని పరిమితిని మరువకూడదు గాని, న్యాయాన్ని కొలిచే కొలమానంగా దాని విలువ తగ్గదు. ఏళ్లతరబడి పాటించిన మాట, సరిహద్దు దాటగానే విలువ లేనిదైపోవడం కృతహానికి ఆధునిక రూపమే.

దాటే గతం, దాటని గతం

సరిహద్దు దాటితే ఏ గతమూ వెంట రాదన్న నియమమే అన్నింటా ఉండి ఉంటే, కఠినమైనా అది సమదృష్టి అనిపించుకునేది. ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నప్పుడు కట్టే స్టాంపు డ్యూటీ నియమాలను చూస్తే పరిస్థితి అలా లేదని తెలుస్తుంది. మొదటిసారి ఇల్లు కొనేవారికి ఇచ్చే రాయితీ పొందాలంటే కొనుగోలుదారులందరూ ప్రపంచంలో ఎక్కడా అంతకుముందు ఇంటి యజమానులై ఉండకూడదు. కాబట్టి దంపతులలో కొత్తగా వచ్చినవారికి విజయవాడలోనో వరంగల్లులోనో ఒకప్పుడు సొంత ఫ్లాటు ఉండి ఉంటే ఇద్దరికీ ఆ రాయితీ పోతుంది. మరొక ఇల్లు ఉండగా ఇంకొకటి కొనేవారిపై విధించే అదనపు సుంకం 2024 అక్టోబరు 31 నుంచి 5 శాతమైంది. దాన్ని లెక్కించేటప్పుడు విదేశాల్లోని ఇళ్లనూ పరిగణిస్తారు, కలిసి జీవించే దంపతులను ఒక్కరుగానే చూస్తారు. ప్రధాన నివాసాన్ని మార్చుకుంటున్న సందర్భం వంటి మినహాయింపులున్నా, మూలసూత్రం మాత్రం ఇదే. ఇంటి యాజమాన్యం ఖండాలు దాటి వచ్చి లెక్కలో చేరుతుండగా, ఆ ఇంటిమీద తీసుకున్న అప్పును సక్రమంగా తీర్చిన చరిత్ర మాత్రం సముద్రానికి ఆవలే ఆగిపోతున్నది.

మరొక నియమం దంపతుల ఏకత్వాన్ని వారికి మేలు చేసేలా గుర్తిస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి, కొనుగోలుకు ముందు ఏడాదిలో కనీసం 183 రోజులు బ్రిటన్‌లో ఉండనివారిపై 2 శాతం అదనపు సుంకం ఉంది; ఉమ్మడి కొనుగోలుదారులలో ఏ ఒక్కరు అలాంటివారైనా మొత్తం కొనుగోలుకు అది వర్తిస్తుంది. అయితే కలిసి జీవించే భార్యాభర్తలలో ఒకరు అక్కడి నివాసి అయితే రెండవవారినీ నివాసిగానే భావిస్తారు. వివాహం చేసుకోకుండా కలిసి కొంటున్న జంటకు ఈ వెసులుబాటు లేదు. ఒకరి నివాసం మరొకరి నివాసమవుతుందని పన్ను చట్టం ఒప్పుకుంటుండగా, ఒకరి నిజాయతీ మరొకరి విషయంలో కనీసం విచారణకైనా తలుపు తెరవాలని ఋణవ్యవస్థ ఒప్పుకోవడానికి తటపటాయిస్తున్నది. దాంపత్యాన్ని ఒకే వ్యవస్థ ఒకచోట ఒక్కరుగానూ మరొకచోట ఇద్దరుగానూ చూడడంలో తప్పు లేదు. ఎక్కడ ఎందుకలా చూస్తున్నదో చెప్పగల హేతువు లేకపోవడమే లోపం.

నమ్మకానికి పూచీ

అప్పులిచ్చేవారు ప్రయాణికుల్ని వేరుగా చూడడం ఈ కాలానికే చెందిన విషయం కాదు. మనువు పద్ధెనిమిది వ్యవహారపదాలను, అంటే తగవులకు కారణమయ్యే అంశాలను లెక్కిస్తూ ఋణాదానాన్నే మొదట పెట్టాడు. యాజ్ఞవల్క్యస్మృతి తాకట్టు ఉన్న అప్పుకు నెలకు ఎనభయ్యోవంతు, అంటే నూటికి ఒకటింపావు వడ్డీని నిర్ణయించి, అడవులు దాటి పోయేవారికి నూటికి పది, సముద్రయానం చేసేవారికి నూటికి ఇరవై వడ్డీని విధించింది. దారిలో ప్రాణానికీ సరుకుకూ ఉన్న ముప్పును ఆ రేటు కొలుస్తుంది తప్ప, ప్రయాణికుని శీలాన్ని కాదు. ముప్పు ప్రయాణంలో ఉంది కాబట్టి ప్రయాణం ముగిస్తే ముప్పూ ముగుస్తుంది. స్థిరపడడానికి వచ్చి, ఉద్యోగంలో చేరి, ఇల్లు కొనుక్కుంటున్న వ్యక్తిని ఇంకా దారిలోనే ఉన్నవారిగా లెక్కించే ఆధునిక పద్ధతికి ఆ ప్రాచీన హేతువు తోడ్పడదు.

తెలియనివారి విషయంలో నమ్మకాన్ని ఎలా కూర్చాలన్న ప్రశ్నకు స్మృతులు చూపిన మార్గం ప్రాతిభావ్యం, అంటే పూచీపడడం. యాజ్ఞవల్క్యుడు దాన్ని మూడు విధాలుగా చెప్పాడు. ఋణగ్రస్తుణ్ణి కావలసినప్పుడు హాజరుపరుస్తానని పూచీపడడం దర్శనానికి, ఇతడు మోసం చేసే మనిషి కాదు, నా మాట నమ్మి ఇవ్వమని పూచీపడడం ప్రత్యయానికి, ఇతడు ఇవ్వకపోతే నేనే ఇస్తానని పూచీపడడం దానానికి చెందుతాయి. ఈ విభజన ఉమ్మడి గృహఋణానికి చాలా దగ్గరగా అన్వయిస్తుంది. స్థిరపడిన భాగస్వామి తన జీతంతో, తన పరపతి నివేదికతో దరఖాస్తులో చేరినప్పుడు, పైకి సహఋణి అయినా లోపల కొత్తగా వచ్చినవారి విషయంలో ప్రత్యయానికీ దానానికీ ఒకేసారి పూచీపడినట్టే అవుతుంది. ఆ క్షణం నుంచి ఇద్దరి పరపతి నివేదికల మధ్య ఆర్థిక సంబంధం నమోదై, తర్వాత ఒకరు వేరే అప్పుకు దరఖాస్తు చేసుకున్నా ఋణదాత రెండవవారి చరిత్రను కూడా పరిశీలించగలుగుతాడు.

ఇక్కడ రెండవ దోషానికి అవకాశం ఏర్పడుతుంది. ఒకరు చేసిన ఆలస్యం మరొకరి లెక్కలో మచ్చగా పడడం అకృతాభ్యాగమమే. అయితే తెలిసి పూచీపడినవారి మీద పడే భారం అకృతం కాదు. పూచీపడడమే వారు చేసిన పని. పూచీపడుతున్నట్టు తెలియకుండా, దాని మేర ఎంతో అర్థం కాకుండా పడిన సంతకం విషయంలోనే ఆ దోషం పూర్తిగా వర్తిస్తుంది. కాబట్టి ఉమ్మడి ఋణపు న్యాయాన్యాయాలను నిర్ణయించేది ఋణపు పరిమాణమో వడ్డీ రేటో కాదు, సంతకం వెనుక ఉన్న తెలివిడి.

ఏకచ్ఛాయ, సహత్వం

ఎవరికి వారు మొత్తానికి బాధ్యులు కావడమనే భావనను పాశ్చాత్య చట్టం నుంచే నేర్చుకోవలసిన అవసరం మనకు లేదు. పూచీదారులు పలువురున్నప్పుడు తమ తమ వాటాల ప్రకారం చెల్లించాలని, వారు ఏకచ్ఛాయను ఆశ్రయించినవారైతే మాత్రం ధనికుడు తన ఇష్టప్రకారం ఎవరినుంచైనా వసూలు చేసుకోవచ్చని యాజ్ఞవల్క్యస్మృతి నిర్ణయించింది. ఏకచ్ఛాయ అంటే పూచీదారులు విడివిడి వాటాలు చెప్పుకోకుండా, ప్రతి ఒక్కరూ మొత్తం ఋణానికి ఋణగ్రస్తుని స్థానంలో నిలవడం. వాటాల పద్ధతి సామాన్య నియమమని, ఏకచ్ఛాయ విశేష నియమమని గమనించాలి. దాన్ని ఎవరికి వారు ఎంచుకుని ప్రవేశించాలే తప్ప, బంధుత్వం వల్ల అది తనంతట తాను వచ్చిపడదు.

భార్యాభర్తల విషయంలో సహజంగానే ఒక సందేహం పుడుతుంది. దంపతులు ఒక్కటే అయినప్పుడు ఏకచ్ఛాయ వారికి స్వభావసిద్ధం కాదా అన్నదే ఆ సందేహం. తెలుగునేలపై అనేక కుటుంబాలు అనుసరించే ఆపస్తంబధర్మసూత్రం భార్యాభర్తల మధ్య విభాగం లేదని స్పష్టంగా చెబుతూ, పాణిగ్రహణం మొదలు కర్మలలోనూ పుణ్యఫలాలలోనూ ద్రవ్యపరిగ్రహంలోనూ వారికి సహత్వం ఉందంటుంది. భర్త దేశాంతరంలో ఉన్నప్పుడు భార్య అవసరాన్నిబట్టి చేసే దానం దొంగతనం కాదని దానికి సాక్ష్యంగా చూపుతుంది. ఒకరు దూరదేశంలో ఉన్నా సహత్వం తెగదని, ఇంటి వద్ద ఉన్నవారికి ద్రవ్యంపై అధికారం కొనసాగుతుందని ఆ సూత్రకారుని భావం. పూర్వమీమాంసలో ఆరవ అధ్యాయపు తొలిపాదం కూడా ఈ విషయాన్ని చర్చించింది. స్త్రీకి ద్రవ్యం లేదు కనుక యజ్ఞాధికారం లేదన్న పూర్వపక్షాన్ని జైమిని తిరస్కరించి, ఆమెకూ ద్రవ్యస్వామ్యం ఉందని, అలా ద్రవ్యం కలిగిన ఇద్దరూ కలిసి ఒకే కర్మను చేయాలని సిద్ధాంతం చేశాడు. ఈ క్రమం చాలా ముఖ్యమైనది. ముందు ఇద్దరికీ విడివిడిగా స్వామ్యం ఉందని నిరూపించిన తరువాతనే కలిసి చేయడం గురించి చెప్పాడు. ఒకరి స్వామ్యాన్ని మరొకరిలో కలిపివేసి ఏకత్వం సాధించలేదు.

చాళుక్య విక్రమాదిత్యుని కల్యాణి ఆస్థానానికి చెందిన విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రాసిన వ్యాఖ్య మితాక్షరలో ఈ విషయాన్ని ఇంకా సూక్ష్మంగా తేల్చాడు. అవిభక్తులైన సోదరులు, తండ్రీకొడుకులు, దంపతులు తమలో తాము ఒకరికొకరు పూచీపడడం, అప్పు ఇచ్చుకోవడం, సాక్ష్యం చెప్పడం చెల్లదన్న యాజ్ఞవల్క్య వచనాన్ని వ్యాఖ్యానిస్తూ, దంపతులకు విభాగమే లేదంటే 'అవిభక్తులైన' అన్న విశేషణం ఎందుకన్న ప్రశ్నను లేవనెత్తాడు. అగ్నిసాధ్యమైన కర్మలలోనూ వాటి ఫలాలలోనూ మాత్రమే దంపతులకు విభాగం లేదని, ద్రవ్యం విషయంలో విభాగం సాధ్యమేనని అతని సమాధానం. ధర్మంలో ఒక్కటైనవారు ధనంలో ఇద్దరుగా ఉండడం దాంపత్యానికి లోపం కాదని దీనివల్ల స్పష్టమవుతున్నది. ప్రస్తుతానికి ఇల్లూ ఋణమూ స్థిరపడినవారి పేరునే ఉంచుకుని, కొత్తగా వచ్చినవారి పరపతి కుదుటపడ్డాక చేర్చుకుందామని నిర్ణయించుకునే దంపతులు తమ ఐక్యతను తక్కువ చేసుకున్నట్టు కాదు.

సమ్మతి, తెలివిడి, హక్కు

మరి ఏ ఋణం నిజంగా ఇద్దరిదీ అవుతుంది? దీనికి యాజ్ఞవల్క్యుడే నేరుగా సమాధానమిచ్చాడు. భర్త చేసిన అప్పును భార్య తీర్చనక్కరలేదని, కుటుంబం కోసం చేసినది తప్ప భార్య చేసిన అప్పును భర్త తీర్చనక్కరలేదని మొదట చెప్పి, తరువాత స్త్రీ తీర్చవలసిన ఋణాలను మూడుగా లెక్కించాడు: తాను తీరుస్తానని అంగీకరించినది, భర్తతో కలిసి చేసినది, తానే స్వయంగా చేసినది. ఇవి తప్ప మరేదీ ఆమెపై పడదు. గొల్లలు, కల్లు అమ్మేవారు, నటులు, చాకళ్లు, వేటగాళ్లు మొదలైనవారి కుటుంబాల్లో భార్య చేసిన అప్పును భర్త తీర్చాలని మరొక నియమం ఉంది. ఆ కుటుంబాల జీవనం స్త్రీల శ్రమపై ఆధారపడి ఉండడమే దానికి కారణమని స్మృతి స్వయంగా చెప్పింది. ఈ నియమాల వెనుక రెండు హేతువులు కనిపిస్తాయి. బాధ్యత సంబంధం నుంచి కాక సమ్మతి నుంచి పుడుతుంది. సమ్మతి చెప్పనిచోట బాధ్యత పుట్టాలంటే ప్రయోజనం ఎవరికి అందిందో చూడాలి.

ఆంగ్లన్యాయస్థానాలు కూడా ఈ అంశంతోనే చాలాకాలం పెనుగులాడాయి. 1993లో బార్‌క్లేస్ బ్యాంకు, ఓబ్రయన్ వ్యాజ్యంలో, భర్త వ్యాపారపు అప్పుకు ఇంటిని హామీగా పెడుతూ సంతకం చేసిన భార్యకు ఆ హామీ స్వల్పకాలానికి, 60,000 పౌండ్లకు మాత్రమేనని భర్త అబద్ధం చెప్పాడు. బ్యాంకు తగిన జాగ్రత్త తీసుకోలేదు కనుక ఆ హామీ ఆమెపై చెల్లదని నాటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పునిచ్చింది. 2001లో ఎట్రిడ్జ్ వ్యాజ్యంలో, ఇలాంటి హామీలు తీసుకునేముందు న్యాయవాది భార్యకు విడిగా విషయం వివరించినట్టు బ్యాంకు నిర్ధారించుకోవాలన్న విధానం స్థిరపడింది. కానీ ఓబ్రయన్ తీర్పు వెలువడిన 1993లోనే వచ్చిన సి.ఐ.బి.సి., పిట్ వ్యాజ్యపు తీర్పు మరో విధంగా ఉంది. ఆ దంపతులు ఉమ్మడిగా అప్పు తీసుకున్నారు. భర్త ఒత్తిడి వల్లనే భార్య సంతకం చేసిందని న్యాయస్థానం గుర్తించినా, ఉమ్మడి ఋణం ఇద్దరి ప్రయోజనానికే అని పైకి కనిపిస్తుంది కనుక బ్యాంకు అనుమానించి విచారించవలసిన పని లేదని, అందువల్ల తాకట్టు చెల్లుతుందని తేల్చింది.

ఓబ్రయన్, పిట్ తీర్పులను కలిపి చదివితే, ఒకరి అప్పుకు మరొకరు హామీదారుగా ఉన్నప్పుడు చట్టం ఇచ్చే రక్ష, ఇద్దరూ ఉమ్మడి ఋణగ్రస్తులైనప్పుడు ఉండదని తెలుస్తుంది. కొత్త దేశానికి వచ్చి కొద్ది నెలలైన వ్యక్తి, అక్కడి చట్టమూ అక్కడి పత్రాల భాషా ఇంకా పట్టుబడక, ఇంటి వ్యవహారాలన్నిటికీ ముందుగా స్థిరపడిన భాగస్వామి వివరణపైనే ఆధారపడి ఉండే దశలో, ఇలాంటి సంతకం పెట్టవలసి రావచ్చు. ఋణం మొత్తం ఆ వ్యక్తిదీ అవుతుంది, కాని ఆ ఋణాన్ని గురించిన జ్ఞానం మొత్తం ఆ వ్యక్తిది కాకపోవచ్చు. హక్కు లేకుండా భారం మాత్రమే పడే పద్ధతి కూడా ఉంది: ఇద్దరూ ఋణగ్రస్తులుగా ఉండి ఒక్కరే యజమానిగా ఉండే ఋణపథకాలు బ్రిటన్‌లో అమలులో ఉన్నాయి. పిల్లలకు తల్లిదండ్రులు తోడ్పడే సందర్భంలో ఇది ఉపయోగకరమే గాని, దంపతుల మధ్య ఒకరికి ఋణమూ మరొకరికి ఇల్లూ అన్న స్థితి ఏర్పడితే, జైమిని స్థాపించిన క్రమం తలకిందులవుతుంది.

ఋణంలో చేరకుండా ఉండిపోయినవారికీ పూర్తి భద్రత ఉందని చెప్పలేం. 1980లో విలియమ్స్ అండ్ గ్లిన్స్ బ్యాంకు, బోలండ్ వ్యాజ్యంలో, భర్త పేరునే ఉన్న ఇంటికి తన సొమ్ము పెట్టి అందులో నివసిస్తున్న భార్య హక్కు బ్యాంకు తాకట్టును మించినదని తీర్పు వచ్చింది. ఆ తరువాత ఋణదాతలు ఇంట్లో నివసించే వయోజనులందరి చేత, తమ హక్కు బ్యాంకు హక్కుకు లోబడి ఉంటుందన్న అంగీకారపత్రంపై సంతకం తీసుకోవడం అలవాటు చేసుకున్నారు. పుట్టింటివారు ఇచ్చిన బంగారాన్నో సొమ్మునో ఇంటి మొదటి విడత కోసం ఇచ్చిన తెలుగు వధువుకు ఈ పత్రం అర్థం తెలియడం ఎంతో అవసరం. స్త్రీధనాన్ని భర్త కరవులోను, ధర్మకార్యానికి, వ్యాధిలోను, నిర్బంధంలోను వాడుకుంటే తిరిగి ఇవ్వనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పాడు. ఇల్లు కొనడం ఆ నాలుగింటిలో లేదు. కనుక ఆ సొమ్ము ఇంటిలో ఎవరి వాటాగా నిలుస్తుందో పత్రంలో నమోదు చేయడం అపనమ్మకానికి గుర్తు కాదు, స్మృతికారులు సైతం విధించిన వివేకం.

ఋణం మనిషికి ఇచ్చే స్థానం

ఈ శాస్త్రాలను ఆశ్రయించేటప్పుడు వాటి లోపాలను దాచడం తగదు. వడ్డీని వర్ణాన్నిబట్టి నూటికి రెండు, మూడు, నాలుగు, అయిదుగా మార్చిన స్మృతి, నేటి కొత్తవారి పట్ల అన్యాయాన్ని ప్రశ్నించే అర్హతను ఆ విషయంలో కోల్పోయింది. భర్త అనుమతి లేకుండా భార్యకు ద్రవ్యవిభాగం లేదన్న మితాక్షర నిర్ణయం నేటి సమానత్వ భావనకు నిలవదు. ఆ నియమాలను యథాతథంగా తీసుకోవాలని ఎవరూ వాదించనక్కరలేదు. వాటి వెనుక ఉన్న విచారణ పద్ధతి, అంటే బాధ్యతను సమ్మతితోనూ ప్రయోజనంతోనూ స్వామ్యంతోనూ ముడిపెట్టి చూసే పద్ధతి, నేటికీ పనికివస్తుంది; ఆ పద్ధతినే గీటురాయిగా వాడితే వర్ణభేదంతో కూడిన ఆ వడ్డీ రేట్లు సైతం నిలవవు.

వైదిక వాఙ్మయంలో ఋణం అవమానం కాదు. బ్రాహ్మణుడు పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణగ్రస్తుడని తైత్తిరీయసంహిత అంటుంది. శతపథబ్రాహ్మణం మనుష్యఋణాన్ని కూడా చేర్చి, అతిథులకు ఆశ్రయమూ అన్నమూ ఇవ్వడం వల్ల అది తీరుతుందంటుంది. ఈ దృష్టిలో ఋణగ్రస్తుడు కావడమంటే ఒక సమాజంలో, ఒక పరంపరలో స్థానం పొందడం. ఎవరికీ ఏమీ బాకీలేనివాడు స్వతంత్రుడు కాదు, బంధాలు లేనివాడు మాత్రమే. కొత్త దేశంలో అప్పు పుట్టకపోవడం అందుకే బాధిస్తుంది. అక్కడ సొమ్ముతోపాటు ఆ సమాజంలో మాట ఇచ్చి నిలబెట్టుకోగలవారిగా గుర్తింపు కూడా అందకుండా పోతుంది. కామన్వెల్త్ పౌరులుగా భారతీయులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తుంటే అక్కడి ఓటర్ల జాబితాలో చేరవచ్చు. ప్రభుత్వాన్ని ఎన్నుకునే మాట వెంటనే చెల్లుతుండగా, అప్పు తీరుస్తానన్న మాట చెల్లడానికి ఏళ్లు పట్టడం ఆలోచించదగిన విషయం. ఆ జాబితాలో నమోదు పరపతి నివేదికలోనూ కనిపిస్తుంది కనుక, అదే మొదటి మెట్టు కావచ్చు.

ఈ విచారణంతటి నుంచి ఒక నిర్ణయం తేలుతుంది. ఋణం మొత్తం ఇద్దరిదీ కావాలంటే, దాన్ని గురించిన తెలివిడి మొత్తమూ, దానివల్ల వచ్చే హక్కూ ఇద్దరివీ కావాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా ఏకచ్ఛాయ ఒకరికి నీడగానూ మరొకరికి బరువుగానూ పరిణమిస్తుంది. ఇందువల్ల దంపతుల మీద పడే కర్తవ్యం స్పష్టమైనదే. చట్టం బలవంతపెట్టకపోయినా, కొత్తగా వచ్చినవారు తమకోసమే పనిచేసే న్యాయవాదితో విడిగా మాట్లాడాలి. ఎవరు ఎంత పెట్టారో, విడిపోవలసి వస్తే లేదా ఒకరు మరణిస్తే ఏమవుతుందో వాటాల పత్రంలో రాసుకోవాలి. ప్రతినెలా వాయిదా ఏ ఖాతా నుంచి పోతున్నదో, ఎంత మిగిలిందో ఇద్దరికీ తెలిసి ఉండాలి. స్థిరపడినవారు పూచీపడిన విషయాన్ని ఉపకారంగా గుర్తుచేస్తూ ఉండకూడదు, ఎందుకంటే మొత్తానికి బాధ్యులైన రెండవవారు కూడా అదే మేరకు పూచీపడ్డారు. ఋణదాతల మీద పడే కర్తవ్యమూ అంతే స్పష్టమైనది. తమ నివేదికలో కనబడని గతాన్ని లేనిదిగా తేల్చకుండా, విదేశీ బ్యాంకు పత్రాలనూ అక్కడి పరపతి చరిత్రనూ అడిగి చూసే పని వారిది; పన్ను వేయడానికి సముద్రాలు దాటి చూడగలిగిన వ్యవస్థకు, నమ్మడానికి అంత దూరం చూడడం అసాధ్యం కాదు. దేవదత్తుడు దేశం మారినా దేవదత్తుడే అన్నది వేదాంతానికి తత్త్వమైతే, అప్పులిచ్చేవారికీ తీసుకునేవారికీ అది న్యాయసూత్రం కావాలి.